వరిమడిలో సంతోష్ ట్రోఫీ

పిల్లలూ! మీరెప్పుడైనా కోనసీమ చూశారా? చూడకపోతే సంక్రాంతి నెలపట్టాక రండి. రావులపాలెంలో బస్సెక్కి కొత్తపేట, అంబాజీపేటల మీదుగా అమలాపురం చేరండి. అక్కణ్ణించి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటితే రాజోలు వైపు వస్తారు. దారి పొడుగునా కాలవలు, కొబ్బరితోటలు. తోట ఆగినచోట వరిచేను, చేను ఆగినచోట మళ్ళీ తోట. గౌతమికీ, వసిష్ఠకూ, సముద్రానికీ మధ్య ఇరుక్కున్న నేల కదా, జానెడు జాగా ఖాళీగా ఉండదు.

"మరి అక్కడి పిల్లలు బంతి ఎక్కడ ఆడతారు?" అని అడుగుతారేమో. మడిలోనే! సార్వా కోతలయాక, దాళ్వాకు నీరు పెట్టేలోగా చేలు కొన్నాళ్ళు ఎండి ఉంటాయి. ఆ నాలుగు రోజులే వాళ్ళ ఆట. గట్లే హద్దులు. రెండు కొబ్బరిమట్టలు పాతితే గోలు. వరిదుబ్బులు అరికాళ్ళలో గుచ్చుకుంటాయి గాని, ఆ సంగతి ఇంటికి వెళ్ళాకగాని ఎవరికీ గుర్తుకురాదు.

నిరుడు నేను అటు నడిచి వెళుతుంటే ఒక కుర్రాడు ఆట ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, గెలిచినవాళ్ళకు సంతోషం కలుగుతుందనేనాండీ సంతోష్ ట్రోఫీకి ఆ పేరు పెట్టారు?" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. కాని ప్రశ్న మంచిదే. గట్టుమీద కూర్చుని వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతాను.

సంతోష్ ఒక ఊరు. ఈనాటి బంగ్లాదేశ్‌లో టాంగైల్ దగ్గర ఉంది. పూర్వం బెంగాల్ రెండుగా చీలకముందు అదొక జమీందారీ. దాని మహారాజా సర్ మన్మథనాథ్ రాయ్ చౌధురి కలకత్తాలోని ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అధ్యక్షులుగా ఉండేవారు. ఆయన 1939లో చనిపోయారు. ఆయన పేర ఆ సంఘం ఇచ్చిన కప్పే సంతోష్ ట్రోఫీ. మొదటి పోటీ 1941లో జరిగింది.

అంతకుముందు మన దేశంలో కప్పులు లేవని కాదు. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలోనూ, రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలోనూ మొదలయాయి. కాని తొలిరోజుల్లో అవి తెల్లసోల్జర్ల పటాలాల ఆటలు. డ్యూరాండ్ కప్పు ఒక భారతీయ జట్టు చేతికి రావటానికి 1940 దాకా పట్టింది. దాన్ని తెచ్చుకున్నది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. సంతోష్ ట్రోఫీ తీరు వేరు. ఇందులో ఆడేది క్లబ్బులూ, పటాలాలూ కావు, రాష్ట్రాలు. మొదటి ఏడు బెంగాల్ 5-1 గోళ్ళతో ఢిల్లీని ఓడించింది. తరవాత ఒకసారి ఢిల్లీ, ఒకసారి మైసూరు గెలిచినా, ఎక్కువసార్లు కప్పు బెంగాల్‌దే. 1949-50లోనూ, 1950-51లోనూ హైదరాబాదు ఫైనల్ దాకా వెళ్ళి బెంగాల్ చేతిలోనే ఓడిపోయింది.

ఆ హైదరాబాదును తీర్చిదిద్దినది ఎవరనుకున్నారు? ఒక బడిపంతులు! (నాకు కొంచెం గర్వమే.) పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన పెట్టే పోటీలు చిత్రంగా ఉండేవి. ఒకదానిలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోరాదు, అందగానే ఇంకొకరికి అందించాలి. మరొకదానిలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడుండేవాడు. ఆట బ్రహ్మాండంగా ఆడేవాడు. కాని రోజూ హైదరాబాదు వచ్చి నేర్చుకుందామంటే సైకిలు లేదు. రహీంగారు అద్దెసైకిలుకు డబ్బు తానే ఇచ్చేవారని బలరాం పెద్దయాక చెప్పుకున్నారు. 1956-57లో హైదరాబాదు మొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో బలరాం ఉన్నాడు. మరుసటి ఏడూ కప్పు హైదరాబాదుదే. రెండుసార్లూ ఫైనల్లో ఓడినది బొంబాయి. 1956లోనే మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన దేశపు జట్టులోనూ బలరాం ఆడాడు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. దానికి శిక్షకులు కూడా రహీంగారే.

"అయితే అది మన జట్టేనాండీ?" అన్నాడు కుర్రాడు.

చిక్కు ప్రశ్నే! 1953 దాకా కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉండేది, తరవాత ఆంధ్రరాష్ట్రంలో. 1956 నవంబరు 1న మనమూ హైదరాబాదూ ఒకే రాష్ట్రమయాం. కాని ఆటలో మాత్రం హైదరాబాదు పాత పేరుతోనే ఆడింది. ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో కప్పు వచ్చినది 1965-66లో, అదీ బెంగాల్‌ను ఓడించి. 2014లో రాష్ట్రం మళ్ళీ రెండయింది. 2024 డిసెంబరు 31న ఫైనల్ హైదరాబాదులో జరిగితే బెంగాల్ కేరళను 1-0తో ఓడించి 33వసారి కప్పు పట్టుకుపోయింది.

"ముప్ఫైమూడా!" అని పిల్లలు నోళ్ళు తెరిచారు.

తరవాత వాళ్ళు ఎడమకాలి ఆట మొదలుపెట్టారు. అందరికన్న బాగా ఆడేవాడు మొదటి తన్నులోనే బోర్లా పడ్డాడు. ఎప్పుడూ గోలు దగ్గర నిలబెట్టే బక్కపిల్లవాడు మాత్రం, పుట్టు ఎడమచేతివాటం కాబోలు, మూడు గోళ్ళు కొట్టాడు. ఇంతలో రైతు పార భుజాన వేసుకుని వచ్చాడు.

"రేపు పొద్దున్నే నీళ్ళు పెడుతున్నానండీ, ఆయ్" అన్నాడు నాతో.

పిల్లలు నా మొహం చూశారు. నేను రైతు మొహం చూశాను. ఆయన కాసేపు తల గోక్కుని, "సరే, ఎల్లుండి పెడతాన్లెండి" అన్నాడు.