ఓడినవారి పోటీలో ఒక గెలుపు

2021 జనవరిలో అంకితా రైనా మెల్‌బోర్న్ నగరానికి వెళ్లింది ముఖ్యంగా ఆడడానికి కాదు, ఎవరైనా ఆడకపోతారేమోనని వేచి ఉండడానికి. కోవిడ్ కారణంగా ఆస్ట్రేలియన్ ఓపెన్ మహిళల అర్హతా పోటీలు ఆ ఏడు దుబాయిలో జరిగాయి. వాటిలో ఆమె చివరి రౌండు వరకు వచ్చి ఓడిపోయింది. అలా ఓడినవారిలో కొందరిని నిర్వాహకులు మెల్‌బోర్న్‌కు తీసుకుపోయారు. ప్రధాన పోటీ నుంచి ఎవరైనా విరమించుకుంటే ఆ ఖాళీ వీరికి దక్కుతుంది. పదునాలుగు రోజుల క్వారంటీను మాత్రం తప్పలేదు. టెన్నిస్ పరిభాషలో ఇట్టివారిని ‘లక్కీ లూజర్లు’ అంటారు. ఓడినవారిలో అదృష్టవంతులని అర్థం. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎన్నడూ ఆ స్థితిలో నిరీక్షించి ఉండడు!

సింగిల్స్‌లో ఖాళీ రానేలేదు. డబుల్స్‌లో రుమేనియాకు చెందిన మిహేలా బుజర్నెస్కు జోడీగా చోటు దొరికింది. గ్రాండ్‌స్లామ్ ప్రధాన పోటీలో ఆడిన ఐదవ భారతీయ మహిళ అంకిత. ఆ ఘనత ఒక్క మ్యాచితో ముగిసింది: 3-6, 0-6.

అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. అహ్మదాబాదులో పుట్టి, శిక్షణ కోసం పూణే చేరి, చిన్న పోటీల వెంట దేశదేశాలు తిరిగిన మనిషి. 2018 ఆసియా క్రీడల్లో సింగిల్స్ కాంస్య పతకం గెలిచింది. అయినా సింగిల్స్‌లో 160వ ర్యాంకుకు పైన ఆమె చేరలేదు. అట్టివారికి డబుల్స్ వినోదం కాదు, జీవనాధారంలో ఒక భాగం. అక్కడ ప్రవేశాన్ని ఇద్దరి ర్యాంకులు కూడి నిర్ణయిస్తారు. మొత్తం ఎంత తక్కువైతే అంత మేలు. కనుక ప్రతివారూ తమకంటె మెరుగైన జోడీని వెతుకుతారు. ఈ వారం పక్కన నిలిచి ఆడినామె వచ్చే వారం నెట్‌కు అవతల ఉండవచ్చు. పైగా సంపాదించిన పాయింట్ల ఆయుష్షు సామాన్యంగా ఒక సంవత్సరమే.

ఆస్ట్రేలియన్ ఓపెన్ ఇంకా జరుగుతుండగానే, అదే మెల్‌బోర్న్ పార్కులో ఫిలిప్ ఐలండ్ ట్రోఫీ అనే పోటీ నడిచింది. అంత దూరం వచ్చి, అన్ని రోజులు గదుల్లో గడిపి, తొలి రౌండ్లలోనే ఓడినవారికి మరికొన్ని మ్యాచులు కల్పించడం దాని ఉద్దేశం. అక్కడ అంకిత 19 ఏళ్ల రష్యన్ యువతి కమిల్లా రఖిమోవాతో జత కట్టింది. ఫిబ్రవరి 19న ఫైనల్. ఎదుట బ్లింకోవా, పొటపోవా. మొదటి సెట్ 2-6తో పోయింది. రెండవది 6-4తో చేజిక్కింది. మూడవ సెట్‌కు బదులుగా ఆడే పది పాయింట్ల టై-బ్రేక్‌ను 10-7తో గెలిచారు. బహుమతి జంటకు 8,000 డాలర్లు. అంకిత వాటా ఆనాటి లెక్కన మూడు లక్షల రూపాయలకు కొంచెం తక్కువ. విమాన ఛార్జీలు, బస, శిక్షకుని జీతం తీసివేస్తే మిగిలేదెంతో పాఠకులే ఊహించవచ్చు. అసలు ఆదాయం వేరు: 280 పాయింట్లు. వాటితో డబుల్స్‌లో ఆమె తొలి నూరుమందిలోకి, 94వ స్థానానికి వచ్చింది.

ఆ జూలైలో టోక్యో ఒలింపిక్స్. ప్రసూతి విరామం వల్ల 9వ ర్యాంకు రక్షణ పొందిన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, అంకితను జోడీగా ఎంచుకుంది. ఎదుట ఉక్రెయిన్ కవలలు నదియా, ల్యుద్మిలా కిచెనోక్. మొదటి సెట్ భారత జంటకు 6-0. రెండవదానిలో 5-3 ఆధిక్యం. సర్వీసు సానియాది. నాలుగు పాయింట్లు చాలు. అవి రాలేదు. సెట్ టై-బ్రేక్‌కు పోయింది. అందులో భారత జంటకు ఒక్క పాయింటూ దక్కలేదు.

డబుల్స్‌లో ఓటమికి బాధ్యులను వెతికేటప్పుడు లోకం దృష్టి ముందుగా వెనుక ర్యాంకు మనిషి మీదే పడుతుంది. ఆనాటి మ్యాచి విషయంలో అది అన్యాయమే అవుతుంది. చివరి పది పాయింట్ల ఆటలో 1-8తో వెనుకబడి, ఇక అంతా అయిపోయిందన్న దశలో, ఇద్దరూ కలిసి వరుసగా ఏడు పాయింట్లు గెలిచారు. 8-8.

తరువాతి రెండూ కిచెనోక్ కవలలవి.