తీపి మీద పన్ను

పిల్లలూ, సిగరెట్ల మీద ప్రభుత్వంవారు భారీగా పన్ను వేస్తారని మీరు వినే ఉంటారు. "ఒంటికి చెరుపు చేస్తుందని పొగాకు మీద పన్ను వేసినప్పుడు, తీపీ, ఉప్పూ, కొవ్వూ మితిమీరిన తినుబండారాల మీద మాత్రం ఎందుకు వేయరాదు?" అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. ఆ తినుబండారాలంటే మీకు ప్రాణం గనక, ఈ ప్రశ్న మీకు సంబంధించినదే. నాకు తోచినది చెబుతాను, వినండి.

ముందుగా ఒక తేడా గమనించాలి. పొగాకు మనిషికి బొత్తిగా అవసరం లేదు. ఒక్క సిగరెట్టు కాల్చినా చెరుపే. ఆహారం అలాటిది కాదు. సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వండుతారు. పండుగనాడు రెండు అరిసెలు తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. రోజూ పూటకు పదేసి తింటేనే ముప్పు. ఉప్పు బొత్తిగా లేకపోతే మనం బతకలేం. ఎక్కువైతే రక్తపు పోటు వస్తుంది. ఆహారంలో చెరుపు ఉండేది మోతాదులో అన్నమాట.

ఈ తేడా మరిచి పన్ను వేస్తే ఏమవుతుంది? డెన్మార్కు దేశంవారు 2011 అక్టోబరులో కొవ్వు మీద పన్ను వేశారు. వెన్న, జున్ను, మాంసం వంటి రోజువారీ సరుకులన్నీ ప్రియమైనాయి. కొందరు సరిహద్దు దాటి జర్మనీ వెళ్ళి కొనుక్కున్నారు. 2013 జనవరికల్లా ఆ పన్ను ఎత్తివేశారు. పైగా, వంటింటి సరుకుల మీద పన్ను పడితే ముందుగా దెబ్బ తగిలేది బీదవాళ్ళకు. వాళ్ళ సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పోతుంది గదా!

బ్రిటన్‌వారు మరొక దారి తొక్కారు. వాళ్ళు కూల్‌డ్రింకులను మాత్రమే తీసుకున్నారు. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములకు తక్కువ చక్కెర ఉంటే పన్నే లేదు. 5 నుంచి 8 గ్రాముల లోపు ఉంటే 2018లో లీటరుకు 18 పెన్నీలు, 8 గానీ అంతకు మించి గానీ ఉంటే 24 పెన్నీలు వేశారు. ఈ పన్ను కట్టవలసినది తయారుచేసేవాళ్ళూ, దిగుమతి చేసేవాళ్ళూ. సంగతి 2016 మార్చిలో ప్రకటించి, 2018 ఏప్రిల్‌లో అమలు చేశారు. ఆ రెండేళ్ళలో చిత్రం జరిగింది. చాలామంది తయారీదారులు పన్ను తప్పించుకోవడానికి తమంతట తామే చక్కెర తగ్గించేశారు! కొందరు దాని బదులు వేరే తీపి పదార్థాలు కలిపిన మాట నిజమే. అయినా పిల్లల కడుపులోకి పోయే చక్కెర తగ్గింది.

మరి మన దేశంలో? 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు నింపిన కూల్‌డ్రింకుల మీద జీఎస్‌టీ 40 శాతం. పన్ను పెద్దదే. కాని చక్కెర ఎక్కువ కలిపినా, తక్కువ కలిపినా, అసలు కలపకపోయినా ఒకే రేటు! బడికి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాణ్ణీ, మధ్యాహ్నం వచ్చినవాణ్ణీ ఒకే రీతిగా బెంచీ ఎక్కించే మాస్టారు లాటిదే ఇది. అలాటప్పుడు త్వరగా రావాలని ఎవరికి పుడుతుంది? చాకొలెట్ల మీద, బిస్కెట్ల మీద ఉన్న 18 శాతం పన్ను అదే రోజున 5 శాతానికి దిగింది.

"మా డబ్బు, మా నోరు, మధ్య ప్రభుత్వం ఎందుకు?" అని కొందరంటారు. తెలిసి తినే పెద్దవాళ్ళ విషయంలో ఆ మాట కొంత నిజం. కాని 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. టీ చెంచాతో కొలిస్తే దాదాపు తొమ్మిది చెంచాలు! గ్లాసు పాలలో తొమ్మిది చెంచాల చక్కెర వేసి బిడ్డకు ఇచ్చే తల్లి ఉంటుందా? చల్లదనమూ, పులుపూ కలిసి ఆ తీపిని నాలుకకు తెలియకుండా కప్పేస్తాయి.

అందుచేత నా మాట ఇది: అరిసెల జోలికీ, వంటింటి నూనె జోలికీ పోవద్దు. కార్ఖానాలో కలిపే చక్కెరకు మాత్రం గ్రాముల లెక్కన పన్ను వేయాలి. తగ్గించినవాడికి పన్నూ తగ్గాలి. వచ్చిన డబ్బు బడులలో ఆటస్థలాలకు ఖర్చు చేస్తే మరీ మంచిది.

చట్టం వచ్చేదాకా మీరు చేయగల పని ఒకటుంది. ఈసారి సీసా కొన్నప్పుడు దాని మీది చీటీ చదవండి. మొత్తం చక్కెర ఎన్ని గ్రాములో లెక్కకట్టి, నాలుగుతో భాగించండి. అన్ని చెంచాల చక్కెర ఒక పళ్ళెంలో పోసి అమ్మకూ నాన్నకూ చూపించండి. తాగాలో వద్దో ఆ తరవాత అందరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.