ఉప్పలపాడు గూడబాతులు

మా పొన్నూరు సంఘములో ఒక యౌవనస్థునికి ఫొటోల పిచ్చి. ఇంటి గేదె దూడ, గుడి ఆవరణలోని కుక్క, మినుము చేలపై మంచు, బాపట్ల దాటి సూర్యలంక సముద్రము, కంటబడినదెల్ల తీస్తాడు. "అయ్యగారూ, ఉప్పలపాడు పోదాం రండి" అంటే, జనవరిలో ఒక ఉదయాన చేబ్రోలు, నారాకోడూరు మీదుగా బయలుదేరాము.

ఊరిని ఆనుకొనియున్న చెరువు. మధ్యనున్న చెట్ల నిండ గూడబాతులు, గులాబి ఈకల ఎర్రకాళ్ల కొంగలు. ఒక గూడబాతు పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలో దూర్చి చేపలు తింటోంది. 102వ కీర్తన చదివినప్పుడెల్ల ఇది ఒంటరి పక్షి అనుకొనేవారము. ఇక్కడ కొమ్మకొక కాపురం! ఎగిరితే ఫొటో బాగుంటుందని అతడు చప్పట్లు కొట్టబోగా, ఊరి పెద్దాయన ఒకరు చేయిపట్టి ఆపారు. "గూళ్లలో పిల్లలున్నాయి, బాబూ." అతడు సిగ్గుపడి కెమెరా దించాడు.

తిరుగుదారిలో టీ త్రాగుతూ పాత ఫొటోలు చూపించాడు. ఒకదానిలో దూడ. అంచున పలుపు పట్టుకొన్న చేయి, సగం ముఖం. "మా నాన్నది ఇదొక్కటే ఉందండి."

నిరుడు ఆయన ఆదరణ కూడికలో బల్లపై ఫొటో లేకపోతే, కుక్కలకు తీస్తాడు గాని తండ్రికి తీయలేదని నలుగురిలో అన్నది మేమే. ఆ మాట అతని చెవిని పడియుంటుంది. క్షమించమన్నాము. దూడ చెవి సరిగా పడలేదండీ అని అతడు మాట మార్చాడు.

పొన్నూరులో వాళ్ల ఇంటి ముందు దిగేసరికి తల్లి గేదెకు కుడితి పెడుతున్నది. "అమ్మా, అట్లాగే నిలబడండి" అన్నాము. తల దువ్వుకొని వస్తానని ఆమె లోపలికి వెళ్లింది.