ఎర్రనీటి వెంట పులస

అమెరికా, కెనడా దేశాల పడమటి తీరంలో ఒక వేడుక వుంది. సముద్రంలో పెరిగిన సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదే రోజులకోసం అక్కడివారు నెలల ముందే సెలవులు పెట్టుకుని, గాలాలు సర్దుకుని కాచుకు కూచుంటారు. మన కోనసీమలోనూ అటువంటి చేప వుంది. సముద్రంలో వున్నంతకాలం దాని పేరు విలస. గోదావరి ఎక్కిందంటే పులస. పుస్తెలమ్మి అయినా తినమన్నారే, అదే యిది. పుస్తెల జోలికి పోకుండా సకుటుంబంగా వెళ్ళివచ్చే మార్గమేదో చూద్దాం.

ముందుగా ఒక మాట: గాలం తీసుకువెళ్ళకండి. కంటికి ఆనని నాచునూ, సన్నజీవులనూ నీటిలోనుంచి వడగట్టుకు తినే చేపకు ఎరతో పనేముంది? అది వలకే పడాలి. వల వెయ్యడం జాలరుల బ్రతుకుతెరువు. మనం రేవులో నిలబడి చూడవలసినవాళ్ళం.

ఇక ముహూర్తం. దీన్ని పంచాంగంలో వెదికి లాభం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేటకు ఏటా నిషేధం. ఆ తరువాత ఎగువన వానలు పడి గోదావరికి కొత్తనీరు దిగాలి. “ఆయ్, ఎర్రనీరు రాందే చేప ఎక్కదండి బాబూ” అంటారు రేవులో ఎవరినడిగినా. సాధారణంగా జూలైలో మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. అయితే నది మరీ పొంగినా ప్రమాదమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటిది పత్రికలో కనిపించిన రోజునే సర్దిన పెట్టె విప్పెయ్యండి. లంకల్లోకి నీరెక్కే సమయంలో ఆ వూళ్ళవారికి చుట్టాలు అదనపు బరువు. వరద తీసి నది నెమ్మదించాక బయలుదేరవచ్చు.

రాజమహేంద్రవరంలో రైలు దిగి, బస్సులో గౌతమి దాటితే రావులపాలెం. అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా అమలాపురం. పిల్లలుంటే బస అక్కడే అనుకూలం. మర్నాడు బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి రాజోలు వైపు సాగితే, రోడ్డు పొడుగునా కొబ్బరితోటలే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ మీద నరసాపురం దాకా వెళ్ళిరావడం పిల్లలు చాలాకాలం చెప్పుకుంటారు. వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది కూడా ఆ దాపునే.

చేప కొనేటప్పుడు మాత్రం మొగమాటం వద్దు. ఒరిస్సా, బెంగాలునుంచి మంచుపెట్టెల్లో వచ్చిన సరుకు గోదావరి పేరు పెట్టుకుని అమ్ముడుపోవడం కద్దు. పడవ ఒడ్డుకు చేరేవేళ ముందురోజే కనుక్కుని, వలలోనుంచి తీస్తుండగా కొనడం మేలు. ధర వేలల్లో వుంటుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక చేప కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు. మట్టి దాకలో, కట్టెలపొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి సన్నసెగను మరగనిస్తారు. దించబోయేముందు కాస్త వెన్నో, ఆవకాయ మీది నూనో. ఆ పూటే తినడం తొందరపాటు; మర్నాటికిగాని రుచి రాదు. ముళ్ళు మాత్రం లెక్కలేనన్ని. పిల్లలకు తల్లి ఏరి పెట్టవలసిందే, తండ్రి తీరిగ్గా వుంటే తండ్రి అయినా సరే.

తిరుగుప్రయాణం ఆత్రేయపురం మీదుగా పెట్టుకోండి. ఇంట్లో చేప ముట్టనివారికి అక్కడి పూతరేకులు వున్నాయి. ఆపైన బొబ్బర్లంక దాటి ధవళేశ్వరం బారేజి మీదికి వచ్చాక ఒక్క పావుగంట ఆగండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి డెల్టాకు అన్నం పెట్టింది. దాని స్థానంలో 1982 నాటికి ఈ బారేజి వచ్చింది. ఎదురీదివచ్చిన పులసకు పైదారి ఇక్కడే అడ్డుపడింది. గంగమీద 1975లో ఫరక్కా బారేజి వచ్చాక పై వూళ్ళవారికీ ఈ చేప అలాగే దూరమైంది.

మనం ప్రీతిగా అడిగేది గుడ్లచేపనే. ఆ గుడ్లు నీటిలో పడవలసినవి. బంగ్లాదేశ్‌లో అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలస వేట ఆపి, జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. గోదావరిమీద కూడా అటువంటి కొద్దిరోజుల విరామం, జాలరుల తిండికి లోటు రాకుండా, వుండాలనే నా అభిప్రాయం. ఆ రోజులు వస్తే మన ప్రయాణం వారం రెండువారాలు వెనక్కి జరుపుకోవలసి వుంటుంది. రైలు టిక్కెట్లు ముందుగా కొనేవారు ఆ సంగతి కూడా చూసుకోవాలి మరి.