చక్రం మీది మెరుపు

మాది వరికుంటపాడు. నెల్లూరు జిల్లా పడమటి దిక్కున, ఉదయగిరి ప్రాంతపు మెట్టనేలల్లో ఉన్న ఊరు. మా తాత ఏరువాకకు ముందు ఎడ్లబండిని కడిగేవాడట. కడగడమంటే నీళ్లు చల్లడం కాదు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క ఆకునూ చేత్తో తడిమి చూడడం. ఆ పనిలోని అర్థం నాకు చాలాకాలం తరువాత, మా నాయన కారు వల్ల బోధపడింది.

అది పాత మారుతి ఎస్టీమ్. 1994లో మార్కెట్లోకి వచ్చిన రకం. నాయన కొనేనాటికే దానికి అల్లాయ్ చక్రాలున్నాయి. వెంట వచ్చిన ఉక్కు చక్రాలను ఆయన అటక మీద దాచాడు. అల్లాయ్ అంటే మిశ్రలోహం. అల్యూమినియంలో సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి ఇటువంటి చక్రాలను పోతపోస్తారు. 1924లోనే ఫ్రాన్సులోని బుగాటీ సంస్థ తన పందెపు కార్లకు పోత అల్యూమినియం చక్రాలను అమర్చింది.

ఒక వేసవిలో కారును అమ్మదలిచాం. పొరుగూరి ఉపాధ్యాయుడు ఒకరు బేరం కుదుర్చుకున్నారు. నల్లబడిన చక్రాలకు మెరుపు తెచ్చే పని నేను తీసుకున్నాను.

ముందు చక్రాలు మరీ నల్లగా ఉన్నాయి. వాటికి డిస్క్ బ్రేకులు. బ్రేకు పడినప్పుడల్లా రాలే ఇనుప రజను ఆ వేడికి చక్రాన్ని పట్టుకుంటుంది. ఎండలో కడిగితే బోరునీటి ఉప్పు తెల్లని మచ్చలుగా మిగులుతుంది. అందుకే తెల్లవారుజామున వేపచెట్టు నీడకు చేరేవాణ్ణి. మొదట నీళ్లు పోసి ఇసుకను వదిలించాలి. లేకుంటే రుద్దినకొద్దీ గీతలు పడతాయి. ఆపైన సబ్బునీరు, మెత్తని బ్రష్షు. ఆమ్లం వాడితే లోహాన్నే తినేస్తుంది. పూత లేచినచోట తెల్లని పొడి కనిపించింది. అల్యూమినియం క్షయించిన గుర్తు అది. నీటికాగితంతో ముందు గరుకుగా, తరువాత నునుపుగా రుద్ది, ప్రైమరు, వెండిరంగు, పారదర్శకమైన లక్క వరుసగా వేశాను. మూడు చక్రాలు తళతళలాడాయి.

నాలుగో చక్రం లోపలి అంచున ఒక నల్లని గీత ఎంత రుద్దినా పోలేదు. గోటితో గీరాను. గోరు పట్టుకుంది. అది పగులు. ఆ చక్రంలో వారానికోసారి గాలి ఎందుకు తగ్గేదో అప్పుడు తెలిసింది. అన్నాళ్లూ వాల్వు దోషమనుకున్నాం.

"లప్పం పెట్టి రంగేస్తే కనబడదు నాయనా" అన్నాను. మూడు రోజుల శ్రమ నా చేత ఆ మాట అనిపించింది.

నాయన పగులు మీద వేలు పెట్టి చాలాసేపు ఊరకున్నాడు. "నీకు కనబడింది గదా!" అన్నాడు చివరకు.

నేను తలెత్తలేకపోయాను. అతికిద్దామన్నా, వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న లోహం బలం తగ్గుతుంది. నిండు వేగంలో చక్రం విరిగితే పోయేది కారు మాత్రమే కాదు.

అటక మీది ఉక్కు చక్రాలను దించి, తుప్పు గీకి, నల్లరంగు వేసి బిగించాం. ఉపాధ్యాయుడు వచ్చి, మునుపటి చక్రాలేవని అడిగారు. నాయన పగిలినదాన్ని ఆయన ముందుంచాడు. బేరంలో కొంత తగ్గింది. ఆ సాయంత్రం, మరెవరూ వాడకుండా ఆ చక్రాన్ని సమ్మెటతో పగులగొట్టి పాతసామాన్లవాడికి ఇచ్చాం.

మెరుపు కోసం కడగడం మొదలుపెట్టాను. తాత మాత్రం చూడడం కోసం కడిగేవాడు.