సీతంపేట సంతలో వ్యాపార క్రీడ

వ్యాపార నిర్వహణను కంప్యూటరు సహాయంతో క్రీడారూపంలో నేర్పే పద్ధతిని అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ 1957లో చేపట్టింది. విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క సంస్థయై, ధరను, ఉత్పత్తిని, పెట్టుబడిని నిర్ణయిస్తారు. విదేశీ వ్యాపార వ్యూహాలను సైతం నేడు ఈ విధంగా బోధిస్తున్నారు.

ఈ క్రీడను గురించి చదివినప్పుడల్లా నాకు సీతంపేట సంత స్ఫురిస్తుంది. కొండ దిగివచ్చిన సవర రైతు అనాసపండ్లను పొద్దు వాలేలోగా అమ్ముకోవాలి. వర్తకుడు ఆగగలడు; పండు ఆగదు. బేరమంతా అక్కడే తేలిపోతుంది. అరకు కాఫీగింజ ఎండి నిలువ ఉంటుంది. అది 2017లో పారిస్ నగరంలో సొంత దుకాణానికే చేరింది.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఈ క్రీడ ఆడేనాడు ఒక జట్టుకు అనాస రైతు పాత్ర ఇవ్వాలని పెద్దలకు నా మనవి. క్రీడలో నష్టం పలకమీది లెక్కవలె చెరిగిపోతుంది. కొండమీద అది పొయ్యిలో పిల్లిని పడుకోబెడుతుంది.