తాడు వదలడం నేర్చుకొన్నాము

మా చోడవరం చెరకు తోటల సీమ. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ ఏడు అనకాపల్లి జిల్లాలో చేరినది. సముద్రం ఎంతో దూరం కాదు. అయినను మా ఇంట నీటి మాట ఎత్తరాదు. మా చిన్న మేనమామ శారదా నది వరదలో కొట్టుకొనిపోయిన నాటినుండి అమ్మ మమ్మల్ని చెరువు గట్టుకైనా పోనిచ్చేది కాదు. అన్నదమ్ములమిద్దరమూ ఈత రాకుండానే కళాశాల మెట్లెక్కినాము.

అటువంటి మేము గత వేసవి సెలవులలో హైదరాబాదులోని పెద్దనాన్నగారి ఇంట ఉండి, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకొన్నామంటే మిత్రులు నవ్వినారు. "విశాఖ సముద్రాన్ని విడిచి చెరువు కోసం అంత దూరమా?" అన్నారు. కాని కెరటాలు లేని నీరే తొలి బడి. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి ఆ తటాకమే మాకు ఓనమాలు దిద్దించినది.

అమ్మను ఒప్పించడానికి నాన్నగారు ఆమెకు విశాఖపట్నపు ఆడబిడ్డ స్వాతి కథ చెప్పినారు. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళాధికారులు 55 అడుగుల 'తారిణి' నావలో 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చినారు. వారిలో స్వాతి ఒకరు. అమ్మ చాలాసేపు మౌనంగా ఉండి, "ముందు ఈత నేర్చుకోండి" అన్నది. అదే అనుమతి.

ఈత వచ్చి, లైఫ్ జాకెట్ తొడిగిన తరువాతనే మమ్మల్ని పడవ ఎక్కనిచ్చినారు. అది 'ఎంటర్‌ప్రైజ్' తరగతి పడవ. నాలుగు మీటర్ల పొడవు, ఇద్దరు నడపవలసినది. పెద్దవాడు చుక్కాని వద్ద, చిన్నవాడు ముందు తెరచాప వద్ద కూర్చున్నాము. చుక్కాని పిడిని కుడికి నెట్టితే పడవ ఎడమకు తిరుగును! గాలికి సూటిగా ఎదురు పోవడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. సుమారు 45 డిగ్రీలు ఓరగా, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలికలు తిరుగుతూ గమ్యం చేరవలెను. పడవ నడుమ నుండి నీటిలోనికి దిగే పలక లేకపోతే అది పక్కకు జారిపోవును.

అన్నట్టు, మన 'చుక్కాని' అరబ్బీ 'సుక్కాన్' నుండి వచ్చినదట. ఓడలతో పాటు మాటలు కూడా తీరం దాటును గదా!

నాలుగవ నాడు బుద్ధ విగ్రహం వైపు నుండి గాలి ఒక్కసారిగా విసరినది. పడవ ఒరిగినది. మోటారు పడవలో ఉన్న శిక్షకుడు "రస్సీ ఛోడో! రస్సీ ఛోడో!" అని కేకలు వేసినాడు. మేమేమో భయంతో తెరచాప తాడును మరింత బిగించి పట్టుకొన్నాము. మరుక్షణంలో ఇద్దరమూ నీటిలో ఉన్నాము. ముక్కులోనికి నీరు పోయిన ఆ క్షణాన మేనమామ జ్ఞాపకం వచ్చినాడు.

కాని పడవ మునగలేదు. పక్కకు పడి తేలుచున్నది. నేర్పినట్లుగా ఆ నడుమ పలకపై నిలిచి బరువు మోపగా, మెల్లగా లేచినది. శిక్షకుడు నవ్వి, "మీ ఊరు చోడవరం కదా! పేరులోనే 'ఛోడ్' ఉన్నది, తాడు వదలరేం?" అన్నాడు. తాడు వదిలితే తెరచాప గాలిని జారవిడుచును. పడవ తనంతట నిలబడును. బిగించినది మా భయమే గాని గాలి కాదు.

ఇల్లు చేరగానే అమ్మ "పడ్డారా?" అని అడిగినది. "పడ్డాము, లేచినాము" అన్నాము. ఆ ఆదివారం ఆమె మా వెంట శారద ఒడ్డుకు వచ్చి, ఎన్నో ఏళ్ళ తరువాత నీటిలో పాదాలు తడుపుకొన్నది.

సోదర విద్యార్థులారా! నీటిని చూచి భయపడుట తప్పు కాదు, దానిని తెలుసుకొనక పోవుటయే తప్పు. కార్యవర్గ పెద్దలకు మా మనవి ఒక్కటే: మన విద్యార్థులకు ఈత నేర్పించే ఏర్పాటు చేయండి. తెరచాప సంగతి తరువాత చూచుకొనవచ్చును.